పక్కన పెట్టిన పానకం

దేవరాజన్న బస్సు స్టార్ట్ చేసే ముందు స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి కళ్లు మూసుకునేవాడు. ఆ కాసేపు బస్సులో ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు. అహోబిలం స్వామికి మొక్కేవాళ్లు, నమాజు చేసుకుని వచ్చేవాళ్లు, దేనికీ మొక్కనివాళ్లు, అన్ని రకాల వాళ్లమూ ఆళ్లగడ్డలో ఎక్కేవాళ్లం. ఆయన ప్రార్థన పెద్దదేమీ కాదు.

"ప్రభువా, ఎక్కినోళ్లను ఎక్కినట్టే దింపు."

అంతే. ఆ తర్వాత గేరు వేసేవాడు. నంద్యాల పక్కనున్న మా యూనివర్సిటీకి ఆళ్లగడ్డ నుంచి సిబ్బందిని తీసుకుపోయే బస్సు అది. పొద్దున పోయి సాయంత్రం రావడం. ఏళ్ల తరబడి ఆయన మమ్మల్ని ఎక్కినట్టే దింపాడు.

దేవరాజన్నది కోయిలకుంట్ల దగ్గర చిన్న పల్లె. నాయన కూలికి పోయేవాడు. ఈయన ఎనిమిదో తరగతితో చదువు ఆపి లారీ క్లీనరుగా చేరాడు. నాపరాళ్ల లోడు మీద పడుకుంటూ, డ్రైవరు తిట్లు తింటూ స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నాడు. మిరపకాయల లారీలు గుంటూరుకు తోలాడు. లూదియాతో పెళ్లయ్యాక ఆమె, "ఇంటికి రాని మొగుడు నాకేం పనికొస్తాడు? లారీనే చేసుకోకపోయినావా?" అని నవ్వుతూనే గట్టిగా అంటే, లారీ వదిలి, కాపురం ఆళ్లగడ్డకు మార్చి, డ్రైవర్లను పెట్టే ఏజెన్సీ కింద మా బస్సుకు వచ్చాడు. జీతం ఏజెన్సీ ఇచ్చేది. యూనివర్సిటీ ఉద్యోగుల లెక్కలో ఆయన లేడు. అయినా ఎవరైనా అడిగితే "యూనివర్సిటీ బస్సు తోల్తాండా" అనే చెప్పుకునేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు చొక్కా కాలరు సవరించుకునేవాడు.

ఎవరైనా ఆలస్యంగా పరుగెత్తుకొస్తుంటే, "టైరు చూసుకోవాల" అని కిందికి దిగి, చక్రాన్ని రెండు తట్లు తట్టి, నింపాదిగా ఎక్కేవాడు. టైరుకు ఏమీ కాలేదని అందరికీ తెలుసు. అర్చన అనే గుమాస్తా నిండు నెలలతో ఉన్నన్నాళ్లూ బస్సును ఎంత మెల్లగా నడిపాడంటే వెనక లారీలు హారన్లు కొట్టి తిట్టుకుంటూ పోయేవి. "తిట్టుకోనీలే, వాళ్ల లారీలో బిడ్డ ల్యాదు గదా" అనేవాడు.

మా బస్సులోనే ఆదిలక్ష్మమ్మ వస్తుంది. ల్యాబులో గాజు సామాను కడిగే మనిషి. ప్రతి శనివారం ఇంట్లో నరసింహస్వామికి పానకం పెట్టి, బస్సులో అందరికీ తలా ఒక గుక్క పంచేది. మొదటిసారి దేవరాజన్నకు ఇవ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని, "నేను తాగగూడదక్కా, కోపం చేసుకోవాకు" అన్నాడు. ఆమె కోపం చేసుకోలేదు. పై శనివారం ఒక చిన్న స్టీలు సీసా వేరుగా తెచ్చింది.

"ఇది దేవుని ముందర పెట్టకముందే తీసి పక్కన పెట్నా. ఉత్త బెల్లం నీళ్లేప్పా. తాగు."

"మీ స్వామికి కోపం రాదా అక్కా?"

"మా స్వామికి కోపమొస్తే కంబంలోంచి వస్తాడు. నీ బస్సులోంచి రాడులే."

బస్సంతా నవ్వింది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆ సీసా ఇంజన్ డబ్బా పక్కన ఉండేది. కొన్నాళ్లకు ఆయన ఒక్క గుక్క మాత్రమే తాగి సీసా తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాడు. తనకు సుగరు వచ్చిందని ఆమెకు చెప్పలేదు. ఆమె మనసు కష్టపెట్టకూడదని ఆ ఒక్క గుక్క తాగేవాడు. సుగరు సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు లూదియా. ఇంకొకరు పుల్లయ్య, కోయిలకుంట్ల వైపు బస్సు తోలే డ్రైవరు, లారీల కాలం నుంచి దేవరాజన్నకు స్నేహితుడు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా యూనివర్సిటీలో ఉద్యోగుల ఆరోగ్య వారం పెట్టారు. పొద్దున పచ్చిక మీద యోగా, తర్వాత క్యాంపస్ చుట్టూ నడక, ఆడిటోరియంలో అందరూ చేతులెత్తి గట్టిగా నవ్వే కార్యక్రమం. శుక్రవారం డాక్టరు ప్రసంగం, శనివారం రక్తపరీక్షల క్యాంపు. ఇదంతా హిమజ మేడం చూసుకున్నారు. ఆహారశాస్త్రం చెప్పే మనిషి. మంచి మనసు. డ్రైవర్లు, ఊడ్చేవాళ్లు ఉద్యోగులు కారని ఆఫీసు అంటే, వాళ్ల ఒళ్లూ ఒళ్లే గదా అని పట్టుబట్టి వాళ్లనూ క్యాంపులో చేర్పించారు. సోమవారం ఆడిటోరియంలో మైకు పట్టుకుని, క్యాంపు ఎవరినీ పనిలోంచి తీసెయ్యడానికి కాదు, ఏదైనా బయటపడితే మందులు మేమే ఇప్పిస్తాం అని చెప్పారు కూడా. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆ సమయానికి డ్రైవర్లు షెడ్డులో బస్సులు కడుగుతున్నారు.

వాళ్లకు ఆ కబురు చేరింది ఏజెన్సీ సూపర్‌వైజరు కరుణాకర్ నోటి నుంచి. టీ గ్లాసు పట్టుకుని షెడ్డుకు వచ్చి అన్నాడట:

"శనివారం మీ అందరికీ రక్తం తీస్తారంట. ముందు డ్రైవర్లకే. ఫెయిలైనోడు ఆదివారం నుంచి ఇంట్లో కూచోని యోగా చేసుకోవచ్చు."

అందరూ నవ్వారు. దేవరాజన్న కూడా నవ్వాడు. కరుణాకర్ పోయాక పుల్లయ్యను బస్సు వెనక్కి తీసుకుపోయాడు. వాళ్లు మాట్లాడుకున్నది పుల్లయ్య మాకు తర్వాత చెప్పాడు.

"తమాషాకన్నాడంటావా?"

"ఆ నాకొడుకు తమాషా ఎప్పుడు చేసినాడు, నిజమెప్పుడు చెప్పినాడు? ముందొకసారి కండ్లు కనపల్యాదని గురవయ్యను తీసేయల్యా?"

"నాది మూడొందలకు పైనే ఉండాదప్పా. పోయిన నెల చూపిచ్చుకుంటి."

"ఐతే రెండు దినాలు కడుపు మాడ్చు. మాత్ర రెండింతలు ఏసుకో. శనివారానికి అంతా సరిగ్గా వస్తాది. మా బామ్మర్ది లైసెన్సుకు పొయ్యేటప్పుడు అట్లనే చేసినాడు."

"ఏమన్నా ఐతే?"

"ఏమైతాది? సుగరు దిగుతాది. దిగాలనే గదా మనం చేసేది?"

దేవరాజన్న బస్సు మీద చెయ్యి వేశాడట. "స్టీరింగ్ పోతే నేను యాడికి పోవాల పుల్లయ్యా? నాకింకో పని రాదు" అన్నాడట.

అవి శ్రమ దినాలు. ఈస్టరు ముందు క్రైస్తవుల ఇళ్లల్లో ఉపవాసాలు ఉండే కాలం. గురువారం పొద్దున లూదియా సద్ది కట్టబోతే దేవరాజన్న వద్దన్నాడు.

"ఉపాస ప్రార్థన పెట్టుకున్నా. శనివారం సాయంత్రం దాంకా."

"దేనికోసం?"

"పని కోసం."

లూదియా సంతోషపడింది. చర్చిలో వేరే ఆడవాళ్లు తమ భర్తలు వారం వారం ఉపవాసం ఉంటారని చెప్పుకుంటుంటే ఆమె తల వంచుకుని కూర్చునేది. ఈయన ఒక పూట కూడా ఉండేవాడు కాదు, ఆకలికి ఆగలేని మనిషి.

"మాత్రలు ఏసుకుంటాండావు గదా, ఏమన్నా ఐతాదేమో" అని ఒక మాట అడిగింది.

"దేవుడుండాడు" అన్నాడు.

"ఐతే నేనూ ఉంటా."

"నువ్వెందుకు? వద్దు."

"నీ పని నా పని గాదా?"

రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇద్దరూ నీళ్లు తాగి, పక్కపక్కన మోకాళ్ల మీద ప్రార్థన చేసుకున్నారు. ప్రార్థన మధ్యలో ఆయన ఏడ్చాడని, అది భక్తి అనుకున్నానని లూదియా తర్వాత చెప్పింది. ఆమె చూడకుండా ఆయన మాత్రలు రెండింతలు వేసుకుంటూనే ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు ప్రసంగం జరిగింది. చక్కగా మాట్లాడాడాయన. తీపి నెమ్మదిగా చంపే విషం అన్నాడు. సుగరున్నవాళ్ల నోట్లో చెంచా చక్కెర పోయడమంటే శత్రువు చేసే పని అన్నాడు. మేమందరం కుడిచెయ్యి చాపి ఇక తీపి తినం అని ప్రమాణం చేశాం. క్యాంటీనులో చక్కెర డబ్బాలు తీసేశారు. మా బస్సులో ముందు సీటులో కూర్చునే సూపరింటెండెంటు కిరణ్ సారు ఆ ప్రసంగం శ్రద్ధగా విన్నాడు, సాయంత్రం బస్సులో దాని గురించే మాట్లాడాడు. సుగరు ఒక్కసారిగా పడిపోతే ఏం చెయ్యాలో కూడా ఆ డాక్టరు చెప్పాడేమో. మాకెవరికీ గుర్తు లేదు.

శనివారం పొద్దున చలిగానే ఉంది. దేవరాజన్న చొక్కా వీపు తడిసి ఉంది. స్టీరింగ్ మీద చేతులు పెట్టి కళ్లు మూసుకున్నాడు, చాలాసేపటికి గానీ తెరవలేదు. "ప్రభువా, ఎక్కినోళ్లను..." అని ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఆదిలక్ష్మమ్మ స్టీలు సీసా చాపింది.

"ఇదో, నీది. పక్కన పెట్నా."

"ఉపాసముండా అక్కా. సాయంత్రం తాగుతా. ఆడ పెట్టు."

"ముఖమేందప్పా అట్లుండాది?"

"నిద్రల్యాదులే."

ఆమె సీసాను ఇంజన్ డబ్బా పక్కన పెట్టింది. బస్సు బయల్దేరింది. కుడివైపు నల్లమల మీద మంచు ఇంకా విడలేదు. కిరణ్ సారు ముందు సీటులోంచి, "దేవరాజూ, ఈ రోజు ఫస్టు నీ వేలే పొడుస్తారంట. సూదంటే భయమా?" అని అడిగాడు. ఎప్పుడూ మాటకు మాట అనే మనిషి పలకలేదు.

శిరివెళ్ల దాటాక బస్సు మెల్లబడింది. ఎదురుగా ఏమీ లేదు. ఇంకా మెల్లబడి ఎడమకు వాలి, రోడ్డు దిగి, జొన్న చేను గట్టు పక్కన మెత్తగా ఆగింది. హ్యాండ్‌బ్రేక్ లాగిన చప్పుడు వినిపించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫ్లాస్కు మూతలో టీ పోసుకున్న వాళ్ల టీ కూడా ఒలకలేదు.

"దిగండి," అన్నాడు దేవరాజన్న. మాట ముద్దగా వచ్చింది. "దిగండి, దిగండి" అంటూ పక్కకు ఒరిగాడు.

వెనక నుంచి ఎవరో, "పొద్దున్నే తాగినాడా ఏంది?" అన్నారు.

"నోరు ముయ్!" ఆదిలక్ష్మమ్మ లేచింది. "ఈయప్ప తాగింది నువ్వెప్పుడన్నా చూసినావా?"

ఆమే మొదట ఆయన దగ్గరికి చేరింది. తల తన మోచేతి మీద పెట్టుకుంది. ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. ఒళ్లంతా చెమట. ఆమెకు చేతికి అందింది ఆ సీసానే. మూత తీసి పెదవుల దగ్గర పెట్టింది. అదే సమయంలో కిరణ్ సారు ఆయన జేబులోంచి మాత్రల అట్ట తీశాడు.

"సుగరు మాత్రలివి! ఈయనకు సుగరుంది!"

వెంటనే ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తాండావమ్మా? సుగరు మనిషికి బెల్లం నీళ్లా? చంపేస్తావా?"

"గొంతు ఎండిపోయింది సార్, ఒక్క గుక్క..."

"వద్దు! నిన్న డాక్టరు చెప్పింది వినలేదా?"

బస్సంతా వద్దు వద్దు అంది. అందరం వినే ఉన్నాం, చెయ్యి చాపి ప్రమాణం చేసి ఉన్నాం. ఆదిలక్ష్మమ్మ భయపడి మూత బిగించింది. దేవరాజన్న పెదవుల మీద పడిన రెండు చుక్కలను తన కొంగుతో ఆమే తుడిచేసింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో ప్రమాదానికి పోయిందన్నారు. రోడ్డు మీద పోయే లారీలను, కార్లను ఆపాం. చాలాసేపటికి టమాటాల వ్యాను ఒకటి ఆగింది. ఆ వ్యాను మనిషి ఒక్క ప్రశ్న అడగకుండా బుట్టలన్నీ రోడ్డు పక్కన దించేసి, తన దుప్పటి పరిచాడు. ఆ బుట్టలు ఏమయ్యాయో, ఆయన పేరేమిటో మాకు తెలియదు. దేవుడు చల్లగా చూడాలి.

నంద్యాల ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆయన వేలు పొడిచి, మిషన్ చూసి, నర్సును కేక వేసింది. గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టాక మా వైపు తిరిగింది.

"సుగరు పూర్తిగా పడిపోయింది. ఇంతసేపు ఏమీ ఇవ్వలేదా? మొదట్లో మింగగలిగేటప్పుడు ఇంత చక్కెరో, బెల్లమో నోట్లో వేసుంటే..."

ఆదిలక్ష్మమ్మ సంచిలో సీసా ఉంది. ఆమె సంచిని గట్టిగా పొట్టకు అదుముకుని గోడ పక్కన నేల మీద కూర్చుంది. కిరణ్ సారు బయటికి వెళ్లి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. హిమజ మేడం క్యాంపు బ్యాడ్జీతోనే పరుగెత్తుకొచ్చారు. అదే సమయంలో యూనివర్సిటీలో క్యాంపు నడుస్తూనే ఉంది, ఆపమని ఎవరికీ తోచలేదు.

లూదియా వచ్చేసరికి ఆమె కూడా నిలబడలేని స్థితిలో ఉంది, రెండు రోజుల ఉపవాసం. నర్సు ఆమెకు బిస్కెట్టు పొట్లం ఇస్తే, "ఆయన లేసినాక ఇద్దరం తింటాం" అంది.

ఆయన లేచాడు, చాలా రోజులకు. కానీ లేచింది మా దేవరాజన్న కాదు. లూదియాను గుర్తుపట్టాడు. మిగతావాళ్లందరినీ "క్లీనరూ" అని పిలిచాడు. చేతులు వణికేవి, బొత్తాము పెట్టుకోలేడు. మెదడుకు సుగరు అందక చచ్చిపోయిన భాగం తిరిగి రాదని డాక్టరు చెప్పాడు.

ఆయన ఇంకా కళ్లు తెరవకముందే, ఆ సోమవారమే ఏజెన్సీ కొత్త డ్రైవరును పంపింది, వెంకటేష్ అని. దేవరాజన్న మన ఉద్యోగి కాదు కాబట్టి ఆరోగ్య వారం కింద ఏమీ చెయ్యలేమని ఆఫీసు అంది. హిమజ మేడం ఆ ఆఫీసు మెట్లు ఎక్కి దిగి, ఎవరితోనో గొడవపడి, ఏడ్చి, చివరికి లూదియాకు ఊడ్చే పని ఇప్పించగలిగారు. అది కూడా ఏజెన్సీ కిందే. కరుణాకర్ ఒకరోజు బత్తాయిలు తీసుకుని ఆసుపత్రికి వచ్చాడు. గదిలోకి పోలేదు. తలుపు బయట నిలబడి, కనపడిన ప్రతివాళ్లతో "నేను తమాషాకన్నా" అన్నాడు. బత్తాయిలు బెంచీ మీద పెట్టి పోయాడు.

పుల్లయ్య ప్రతి ఆదివారం వచ్చి దేవరాజన్నకు గడ్డం గీస్తాడు. లూదియాకు అసలు సంగతి చెప్పింది కూడా అతనే. చెప్పుతో కొట్టు చెల్లీ అని ముందే తల వంచాడట. లూదియా కొట్టలేదు.

"నన్ను గూడ మాడ్చి, దేవుని ముందర అబద్ధం చెప్పినాడని కోపమొస్తాది" అని ఆమె నాతో అంది ఒకసారి, బస్సులో. "మల్ల అనుకుంటా. పని కోసమన్నాడు. పని కోసమే ఉన్న్యాడు. అబద్ధమేముండాది అందులో?"

ఈ ఫిబ్రవరిలో మళ్లీ ఆరోగ్య వారం వచ్చింది. ఈసారి హిమజ మేడం ఆడిటోరియంకు పోకముందే షెడ్డుకు పోయి డ్రైవర్లను చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడారు. సుగరు పడిపోతే వెంటనే తీపి ఇవ్వాలని పెద్ద అక్షరాలతో రాయించి ప్రతి బస్సులో అంటించారు. యోగాకు చాపలు పరిచే పని లూదియాకు పడింది. పొద్దున్నే మంచులో పచ్చిక మీద చాపలు పరిచి, మేము ఊపిరి పీల్చి వదులుతుంటే చీపురు పట్టుకుని పక్కన నిలబడేది.

శనివారం క్యాంపులో ఆమె వంతు వచ్చింది. కుర్చీలో కూర్చుని వేలు చాపి, నర్సు సూది తీస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నొప్పుండదమ్మా," అంది నర్సు.

"అది గాదు. ఎక్కువుంటే తీసేస్తారా?"

"ఎవర్ని?"

"మమ్మల్ని. పనిలోంచి."

"అయ్యో, ఎందుకు తీసేస్తారు? మాత్రలిస్తాం. జాగ్రత్తలు చెప్తాం. అంతే."

లూదియా నర్సు ముఖంలోకి చూసింది.

"అంతేనా?"

"అంతేనమ్మా."

ఆమె వేలు చాపింది. తర్వాత దూది అదుముకుని లేచి, పచ్చిక మీదికి పోయి, చాపలు ఒక్కొక్కటీ దులిపి చుట్టింది.

సాయంత్రం బస్సులో ఆమె ఇంజన్ డబ్బా పక్క సీటులోనే కూర్చుంది. కిరణ్ సారు ఏడాదిగా ముందు సీటులో కూర్చోవడం లేదు, వెనక సీటుకు పోతాడు. ఆదిలక్ష్మమ్మ సంచిలోంచి చిన్న స్టీలు సీసా తీసి లూదియా ఒడిలో పెట్టింది.

"పక్కన పెట్నా. ఇంటికి పోయినాక ఆయనకు తాపు."

"కొంచెమే తాగుతాడక్కా. మిగతాది చొక్కా మీద పోసుకుంటాడు."

"పోసుకోనీలే."

వెంకటేష్‌కు ప్రార్థన అలవాటు లేదు. కానీ ఆళ్లగడ్డ వాళ్లు కాసేపు మాట్లాడకుండా కూర్చుంటారని నేర్చుకున్నాడు, తాళం మీద చెయ్యి పెట్టి ఆగుతాడు. ఆ రోజూ ఆగాడు. బస్సు నిశ్శబ్దమైంది. లూదియా సీసాను రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఎక్కినోళ్లను..." అంది.

తర్వాతి మాట రాలేదు. వెంకటేష్ అద్దంలోంచి ఆమెను చూస్తూ ఇంకాసేపు ఆగాడు. ఎవరూ ఆ మాట పూర్తి చెయ్యలేదు. చివరికి వెంకటేష్ మెల్లగా గేరు వేశాడు.